‘కొద్దిగా మైనం’ అంటే ఎంత?

సంపాదకులకు నమస్కారం.

నేను నర్సీపట్నంలో నలభై ఏళ్లకు పైగా బంగారం పని చేసినవాణ్ణి. కళ్లు సహకరించక నాలుగేళ్ల కిందట కుంపటి ఆర్పేశాను. మీ పత్రికకు ఇంతకుముందు ఒక్కసారే రాశాను, మా వీధి కాలువ గురించి. అది మీరు వేయలేదు. ఈసారి పెదాలకు రాసుకునే లిప్ గ్లాస్ గురించి రాస్తున్నాను. అరవై తొమ్మిదేళ్ల మగమనిషికి దాంతో ఏం పని అని మీ ఆఫీసులో నవ్వుకుంటే నవ్వుకోండి. మూడు వారాలుగా మా ఇంట్లో నడిచిందంతా ఆ పనే.

సంగతేమిటంటే, మీ ఆదివారం మహిళల పేజీలో ఇంట్లోనే సహజమైన లిప్ గ్లాస్ చేసుకోవడం ఎలాగో వేశారు. పక్కన ఫొటో, చిన్న గాజు సీసాలో ఎర్రగా, పగడం కరిగించి పోసినట్టు మెరుస్తోంది. మా మనవరాలు తొమ్మిదో తరగతి. దాని స్నేహితురాలికి ఓణీల ఫంక్షన్. కొట్లో లిప్‌స్టిక్ కొంటానంటే మా కోడలు ఒప్పుకోలేదు. ఇంట్లో చేసుకునేదానికి అభ్యంతరం ఏముంటుందని ఈ పిల్ల పేపరు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"తాతా, నీ దగ్గర మైనం ఉంటుంది కదా, ఇవ్వవా?"

"ఎంత కావాలి?"

"కొద్దిగా."

"కొద్దిగా అంటే ఎంతే?"

"పేపర్లో అంతే ఉంది."

తీసుకుని చూశాను. అంతే ఉంది. సగం బీట్‌రూట్ రసం, రెండు చెంచాల కొబ్బరినూనె, చెంచా తేనె, కొద్దిగా మైనం, నాలుగు చుక్కల నిమ్మరసం. అన్నీ కలిపి వేడిచేసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే ఆరు నెలలు నిల్వ ఉంటుందట. సహజ పదార్థాలు కాబట్టి దుష్ప్రభావాలు ఉండవట. చివర్లో, ఇలా చేసి అమ్ముకుంటే ఇంటి దగ్గరే ఆదాయం అని కూడా ఉంది.

మా పనిలో ‘కొద్దిగా’ అన్న మాటకు విలువ లేదు. నేను పని నేర్చుకున్నప్పుడు మా నాన్న చేతి త్రాసులో ఒక పళ్లెంలో గురివింద గింజలు వేసి తూచేవాడు. ఒక్క గింజ సుమారు 120 మిల్లీగ్రాములు. ఆ ఒక్క గింజ తేడాకు పని ఇచ్చినవాడు గుమ్మంలో నిలబడి రెండు గంటలు తగువాడేవాడు. తర్వాత ఎలక్ట్రానిక్ కాటా కొన్నాను, 10 మిల్లీగ్రాముల దాకా చూపిస్తుంది. అలాంటి ఇంట్లో ‘కొద్దిగా మైనం’ అంటే నాకు ఒళ్లు మండదా? అయినా పిల్ల ముచ్చట పడిందని ఊరుకున్నాను.

అసలు నా దగ్గరున్న మైనం ఇవ్వడానికి వీల్లేదు. రాళ్లు పొదిగేటప్పుడు చిన్న రాయిని వేలితో పట్టుకోలేం. పుల్ల చివర మైనం ముద్ద పెట్టి దాంతో ఎత్తుతాం. నలభై ఏళ్లు నా బల్ల మీద పడి ఉన్న ఆ ముద్దలో ఆకురాయి పొడి, రాగి రజను, ఏ ఆమ్లం తుంపర పడిందో కూడా తెలియదు. "బంగారం రజను ఉందని దాచుకుంటున్నావు" అని మా కోడలు ఎగతాళి చేసింది. అదీ కొంత నిజమే. కానీ పెదవి మీద రాసింది సగం కడుపులోకే పోతుంది కదా. చింతపల్లి వైపు సంతకు వెళ్లే కుర్రాడితో చెప్పి కొత్త మైనం తెప్పించాను. తేనె పిండేశాక మిగిలిన పట్టును కరిగించి కట్టిన గోధుమరంగు ముద్ద. ఈగల కాళ్లూ రెక్కలూ కూడా ఉన్నాయి అందులో. నీళ్లలో వేసి కాచి, పల్చటి గుడ్డలో వడకట్టి, చల్లారాక పైన తేలిన బిళ్ల తీస్తే పసుపుపచ్చగా వచ్చింది. మంచి మైనం విరిస్తే విరిగిన చోట గరుకుగా ఉంటుంది. అరచేతిలో నలిపితే పొడి రాలకుండా మెత్తబడుతుంది, తేనె వాసన వేస్తుంది. కొవ్వొత్తుల మైనం పాలిపోయి, సబ్బులా జారుతుంది, వాసన వేరు. చాలా కొట్లలో తేనెమైనం అని ఆ రెండూ కలిపినదే అంటగడతారు. చూసి కొనుక్కోవాలి.

ఇక పిల్ల మీరు చెప్పినట్టే చేసింది. చిన్న స్టీలు గిన్నెలో కొబ్బరినూనె, మైనం వేసి తిన్నగా స్టవ్ మీద పెట్టింది. కరిగింది. అందులో ఫ్రిజ్‌లోంచి తీసిన బీట్‌రూట్ రసం పోసింది. పోసీ పోయగానే మైనం ముద్దలు ముద్దలుగా బిగుసుకుపోయింది. రసం అడుక్కి దిగింది, నూనె పైకి తేలింది. మళ్లీ కరుగుతుందేమోనని మంట పెంచింది. నూనె కింద నీళ్లుంటే మరిగేటప్పుడు ఏమవుతుందో మన ఆడవాళ్లందరికీ తెలుసు, మీ పేజీ రాసినవారికి తప్ప. చిటపటమని ఎగిరి మణికట్టు మీద బఠాణీ గింజంత చోట కాలింది. మైనం నూనెకన్నా అన్యాయం, చర్మానికి అంటుకుని కూర్చుంటుంది. టూత్‌పేస్ట్ తెస్తానని మా కోడలు లోపలికి పరిగెత్తింది. నేను పిల్ల చెయ్యి పట్టుకుని కుళాయి కింద ఇరవై నిమిషాలు ఉంచాను. కుంపటి ముందు బతికినవాడికి వేరే వైద్యం తెలియదు. మచ్చ పడలేదు, అదృష్టం.

అంత జరిగినా దానికి పంతం. చల్లారాక చెంచాతో చిలికి చిలికి ఆ ముద్దను ఒక డబ్బాలో పెట్టింది. గులాబీ రంగు మజ్జిగ విరిగినట్టుంది. రాసుకుంటే పళ్లు ఎర్రబడ్డాయి, పెదాలు ఎర్రబడలేదు. పైగా చలిగాలికి పగిలిన పెదవి మీద నిమ్మరసం తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. లంబసింగి పక్కన ఉన్నవాళ్లం, మా ఊళ్లో పండగ నెలలో పెదాలు పగలనివాళ్లు ఉండరు. ఆ పగుళ్ల మీద నిమ్మకాయ ఎవరైనా పిండుకుంటారా? నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి బొబ్బలెక్కి, తర్వాత నల్ల మచ్చలు కూడా పడతాయి. పెదాల నలుపు పోతుందని మీరు రాసిన నిమ్మరసంతోనే.

ఆరో రోజు మూత తీస్తే పైన బూజు. బూడిదరంగులో, పిల్లి వెంట్రుకల్లా. మీరు చెప్పినది ఆరు నెలలు. మాకు వచ్చింది ఆరు రోజులు. ఫ్రిజ్‌లోనే ఉంది సుమా.

మా పక్కింట్లో రిటైరైన సైన్సు మాస్టారు ఉన్నారు. సాయంత్రం అరుగు మీద ఈ డబ్బా చూపించి, ఎక్కడ పొరపాటు జరిగిందని అడిగాను. ఆయన నన్నేమీ అడక్కుండా మా కోడల్ని అడిగారు. "ఏమ్మా, ఆవకాయ మీద తేరిన నూనె ఏ రంగులో ఉంటుంది?" ఎర్రగా ఉంటుంది అంది. "బీట్‌రూట్ కూర వండితే అంచున తేరిన నూనె?" మా కోడలు ఆలోచించి, "దానికి రంగేం పట్టదు మాస్టారూ, తెల్లగానే ఉంటుంది" అంది. అంతే విషయం. మిరపకాయ ఎరుపు నూనెలో కరిగే రకం. బీట్‌రూట్ ఎరుపు నీళ్లలో కరిగే రకం. కొబ్బరినూనె, మైనం, ఆముదం అన్నీ నూనె కులం. బీట్‌రూట్ రసం ఎన్ని గంటలు చిలికినా వాటిలో కలవదు. రెండు గ్లాసులు తెప్పించి, ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో నూనె పోసి, రెండింట్లో రెండేసి చుక్కల రసం వేసి చూపించారు. నీళ్లు గులాబీ అయ్యాయి. నూనెలో ఆ చుక్కలు ఎర్రపూసల్లా అడుగుకు దిగి కూర్చున్నాయి.

"అయితే కారం కలుపుదామా మాస్టారూ?" అంది మా మనవరాలు. దానికి అన్నీ వేళాకోళాలే.

తేనె సంగతి కూడా ఆయనే చెప్పారు. తేనె దానంతటది ఏళ్ల తరబడి పాడవదు, అందులో నీరు తక్కువ కాబట్టి. అదే తేనెలో రసం కలిపితే పల్చబడి పులవడం మొదలుపెడుతుంది. పైగా అదీ నూనెలో కలవదు. ఎదురింట్లో నాలుగు నెలల చంటివాడు ఉన్నాడు, వీధిలో ఆడపిల్లలందరూ వాణ్ణి ముద్దులాడేవాళ్లే. ఏడాది నిండని పిల్లలకు తేనె తగలకూడదని డాక్టర్లు చెబుతారు. మనకు పుట్టగానే నాలుకకు తేనె రాసే అలవాటు ఉంది కాబట్టి ఆ మాట ఎవరూ చెవిన పెట్టరు. మొత్తానికి మా ఇంటి లిప్ గ్లాస్‌లోంచి తేనె తీసేశాం. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) తేనె సీసా మళ్లీ నా రొట్టెల పక్కకు వచ్చింది. నాకు అదే లాభం.

మరి కంపెనీలవాళ్లు నూనెను, నీళ్లను ఎలా కలుపుతారు అని అడిగాను. రెంటినీ పట్టి ఉంచే పదార్థం ఒకటి వేస్తారట. పాతకాలపు కోల్డ్ క్రీముల్లో తేనెమైనం, వెలిగారం (బొరాక్స్) కలిసి ఆ పని చేసేవట. వెలిగారం అనగానే నాకు హుషారొచ్చింది. అతుకు పెట్టడానికి జీవితమంతా వాడింది అదే కదా, ఇంట్లో పొట్లం ఇంకా ఉంది. మాస్టారు ఒక్క చూపు చూశారు. "చేతులకు రాసుకునే క్రీము వేరు, నోట్లోకి పోయేది వేరు. ఆ పొట్లం లోపల పెట్టండి." పెట్టేశాను. వెనకటికి నోటిపూతకు వెలిగారం తేనెలో రంగరించి పిల్లలకు పూసేవారు. ఇప్పుడు ఎవరూ చేయకండి.

ఈలోగా మా పిల్ల ఇంకో ఘనకార్యం చేయబోయింది. బీట్‌రూట్ పనికిరాదని తేలింది కాబట్టి, పూజగదిలో ఆంజనేయస్వామికి పెట్టే సింధూరం పొట్లం తెచ్చి నూనెలో కలపబోతూ దొరికింది. సింధూరం నూనెలో కలిపి స్వామికి పూయడం రోజూ చూస్తుంది కాబట్టి దానికా ఆలోచన వచ్చింది. నేను గట్టిగా అరిచాను. ఆ పిల్ల మీద నేను అరవడం అదే మొదటిసారి. సింధూరం అన్న పేరుతో అమ్మే పొడుల్లో సీసంతో చేసేవి ఉన్నాయి. సీసం సంగతి లోహం పని చేసేవాణ్ణి నాకు తెలియంది కాదు. అది ఒంట్లోకి పోతే తొందరగా బయటికి రాదు, ఎదిగే పిల్లలకు మరీ చేటు. కుంకుమ కూడా అంతే. పసుపు, సున్నం, నిమ్మరసంతో ఇంట్లో కొట్టుకున్న కుంకుమ వేరు, కొట్లో కొన్నది వేరు. కొన్నదాంట్లో ఏ రంగు వేశారో మనకేం తెలుసు? నుదుటన పెట్టుకునేది నుదుటికే.

సహజమైనది కాబట్టి దుష్ప్రభావాలు ఉండవు అని మీరు వేశారు చూడండి, అది చదివినప్పుడల్లా మా నాన్న త్రాసు గుర్తొస్తుంది. గురివింద గింజ కన్నా ఎర్రనిది, అందమైనది, సహజమైనది ఏముంది చెప్పండి? ఆ గింజను నూరి మింగితే ప్రాణం పోతుంది. అంత విషం అందులో. మా ఇంట్లో చిన్నప్పుడు ఆ గింజల డబ్బా పై అటక మీద ఉండేది, పిల్లలకు అందకుండా. గురివింద తన నలుపెరగదంటారు. మీ పేజీలో మాత్రం అందరూ ఎరుపే చూస్తున్నారు.

సరే, తిట్టడానికే ఉత్తరం రాశాననుకోకండి. చివరికి మా ఇంట్లో లిప్ గ్లాస్ కుదిరింది. ఎలా కుదిరిందో గ్రాములతో చెబుతాను.

రంగుకు జాఫ్రా గింజలు వాడాం. మన ఏజెన్సీలో ఆ చెట్లు ఉన్నాయి. ముళ్లముళ్లుగా ఎర్రటి కాయలు కాస్తాయి, ఎండాక పగిలితే లోపల ఇటుకరంగు గింజలు. ఈ చెట్టుకు ఇంగ్లీషులో లిప్‌స్టిక్ చెట్టు అనే పేరు కూడా ఉందని మాస్టారు చెప్పాక మా మనవరాలి ఆనందం చూడాలి. వెన్నకు, చీజుకు రంగు ఇచ్చేది కూడా ఈ గింజలే కాబట్టి నోట్లోకి పోయినా భయం లేదు. ముఖ్యంగా దీని రంగు నూనెలో దిగుతుంది. 10 గ్రాముల కొబ్బరినూనెలో 3 గ్రాముల గింజలు వేసి, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, ఆ పై గిన్నెలో ఇరవై నిమిషాలు ఉంచాం. తిన్నగా మంట మీద పెట్టకూడదు. నీళ్ల గిన్నె మీద పెడితే వేడి నీళ్లు మరిగే వేడిని దాటదు, నూనె పొగలు రాదు, మైనం అంటుకోదు, రంగు మాడదు. తర్వాత పొడిగుడ్డలో వడకట్టాం. పది గ్రాములు పోస్తే, గుడ్డా గింజలూ తాగింది పోను ఎనిమిది చేతికొచ్చింది. మా భాషలో దాన్ని తరుగు అంటారు. తరుగు గురించి కంసాలిని అనని ఆడమనిషి లేదు, ఇప్పుడు మా కోడలికి తెలిసొచ్చింది.

ఇక అసలు పాళ్లు. ఆముదం 20 గ్రాములు, జాఫ్రా దించిన కొబ్బరినూనె 7 గ్రాములు, మైనం 3 గ్రాములు. మొత్తం 30. మూడు కుంకుమభరిణెలు నిండుతాయి.

మెరుపంతా ఆముదం వల్లే. కొబ్బరినూనె పెదవి మీద నిలబడదు, జారిపోతుంది. ఆముదం చిక్కన, పూసిన చోట మెరుస్తూ కూర్చుంటుంది. మీ పేజీలో అసలు దాని ఊసే లేదు. కంపెనీల లిప్‌స్టిక్‌లలో కూడా ఆముదం వాడతారు. అయితే మా ఇళ్లలో గింజలు వేయించి దంచి కాచే వంటాముదం పనికిరాదు. నల్లగా ఉంటుంది, వాసన భరించలేం. మెడికల్ షాపులో దొరికే లేత పసుపు ఆముదం తెచ్చుకోవాలి. మొదటిసారి మా పిల్ల దాని పేరు వినగానే ఆముదం తాగిన మొహం పెట్టింది. రాసుకున్నాక అద్దం వదలలేదు.

మైనం దగ్గరే అసలు లెక్క ఉంది. మొదట 6 గ్రాములు వేసి చూశాం. కొవ్వొత్తి అయింది, వేలికి రాలేదు, పెదవి మీద లాగింది. 2 గ్రాములు వేస్తే మధ్యాహ్నం వేడికి భరిణెలోనే కారిపోయింది. 3 కుదిరింది. రోహిణీ కార్తె ఎండల్లో 4 వేసుకోవాలేమో. ఎందుకంటే కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మైనం 62 డిగ్రీలు దాటితే తప్ప కరగదు. మన ఎండలకు ఆ డబ్బాను నిలబెట్టేది మైనం ఒక్కటే. మీరు చెప్పిన చెంచాను కూడా కాటా మీద పెట్టి చూశాను. తురిమిన మైనం వదులుగా పోస్తే చెంచాకు రెండు గ్రాములు కూడా తూగలేదు. నొక్కి పెడితే మూడున్నర. ఒకే చెంచా, ఒకే మైనం, ఒకే చెయ్యి! ఇంటింటి చెంచాలు వేరు, ఆ తేడా నేను చెప్పక్కర్లేదు.

గిన్నెలో గిన్నె పెట్టి ముందు మైనం, ఆముదం కరిగించి, దించే ముందు రంగు నూనె కలపాలి. కుదిరిందో లేదో తెలియాలంటే మా కోడలు కనిపెట్టిన ఉపాయం బాగుంది. అరిసెల పాకం చూసినట్టే. ఫ్రిజ్‌లో పెట్టిన స్టీలు పళ్లెం మీద ఒక చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో తీసి చూడటం. గట్టిగా ఉంటే కాస్త ఆముదం, జారితే కాస్త మైనం. నచ్చాకే భరిణెల్లో పోయాలి. భరిణెలు మరిగే నీళ్లలో కడిగి, తడి చుక్క లేకుండా ఆరబెట్టాలి. నీళ్లు, రసాలు, పాలు, పెరుగు, కలబంద గుజ్జు ఏవీ పడకూడదు. నీరు లేనిచోట బూజు అంత సులువుగా రాదు. చాలామంది విటమిన్ ఇ గుళిక ఒకటి పిండుతారు. అది నూనె ముక్కిపోవడాన్ని ఆలస్యం చేస్తుందే తప్ప బూజును ఆపదు. ఆ రెండూ ఒకటే అనుకుని అందులో బీట్‌రూట్ రసం పోయకండి.

మేం రెండు నెలలు అని మూత మీద తేదీ రాసుకున్నాం. పాత నూనె వాసన వస్తే అంతకన్నా ముందే పారేస్తాం. తడివేలు పెట్టకూడదు, ఒకరి భరిణె ఇంకొకరు వాడకూడదు. ఆముదం పడనివాళ్లు కూడా ఉంటారు కాబట్టి ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూసుకోవాలి. రంగు గురించి కూడా నిజం చెప్పాలి. మీ ఫొటోలో ఉన్న పగడపు ఎరుపు మాత్రం రాదు. పండిన బొప్పాయి లోపలి రంగు ఉంటుంది చూడండి, ఆ ఛాయ, అదీ పల్చగా. మెరుపు మాత్రం బాగుంటుంది. ఆ ఫొటోలోనిది ఇంట్లో చేసిందో కొట్లో కొన్నదో నాకు అనుమానమే. మెరుగు పెట్టడం మా వృత్తి, చూడగానే తెలుస్తుంది.

చివరిగా ఆ అమ్ముకోవడం సంగతి. మీ పేజీ చదివి మా వీధిలో ఒకావిడ అప్పుడే యాభై డబ్బాలకు ఆర్డర్ పెట్టింది. సౌందర్య సాధనాలు అమ్మకానికి తయారు చేయాలంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం లైసెన్సు ఉండాలి. ఈ ముక్క వేయకుండా ఆదాయం అని ఎలా వేస్తారు? మెడలో వేసుకునే బంగారానికి 2021 జూన్ 16 నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి చేయడం మొదలైంది. ఆ రోజుల్లో మాలాంటి చిన్న పనివాళ్లం పడిన టెన్షన్ ఇంతా అంతా కాదు. గొణిగాం, తిట్టుకున్నాం, కానీ కొన్నవాడికి నమ్మకం ఉండాలన్న మాట కాదనలేకపోయాం. నాలుకకు తగిలే వస్తువుకు ఆ మాత్రం పట్టింపు అక్కర్లేదా? ఇంట్లోవాళ్ల కోసం చేసుకుంటే ఎవరూ అడగరు, నిక్షేపంగా చేసుకోవచ్చు. అమ్మకం వేరు. ఆవిడకు వెళ్లి చెప్పాను. సగం డబ్బాలు వెనక్కి పంపింది, మిగతావాటిలో ఆవాలు, మెంతులు పోసుకుంది.

ఫంక్షన్‌కు మా మనవరాలు ఆ భరిణె పట్టుకెళ్లింది. ఒకరిది ఒకరు వాడకూడదని నేను అన్ని సార్లు చెప్పినా, ఏడుగురు పిల్లలు వేళ్లు ముంచి ఖాళీ భరిణె వెనక్కి పంపారు. ఎక్కడ కొన్నావని అడిగితే "మా తాత కొట్లో" అందట. కొట్టు మూసేసి నాలుగేళ్లయిందని దానికి తెలుసు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఇకమీదట ఇలాంటివి వేసేటప్పుడు ఒకసారి మీ ఆఫీసులోనే ఎవరిచేతైనా చేయించి చూడండి. చెంచాల బదులు గ్రాములు వేయండి. గ్రాముల కాటాలు ఇప్పుడు వంటింటికి కూడా వచ్చాయి. ఎన్ని రోజులు నిలుస్తుందో చూసిన తర్వాతే ఆ అంకె వేయండి. బీట్‌రూట్ విషయం సవరణగా ఒక మూల వేసినా చాలు. మా ఇంటికి జరిగిన నష్టం మణికట్టు మీద బఠాణీ అంత, అది మానిపోయింది. ఇంకెన్ని ఇళ్లలో ఆ గిన్నె స్టవ్ మీద ఉందో.

ఉత్తరం పొడుగైంది. ఎంత కావాలంటే అంత కోసుకోండి, కాలువ సంగతిలా మొత్తానికి తీసేయకండి. 20, 7, 3 అన్న అంకెలు మాత్రం ఉంచండి. ప్రింటింగులో తారుమారు కాకుండా ఒకటికి రెండుసార్లు చూసుకోండి. పేరు వేయనక్కర్లేదు, మా వీధిలో అందరికీ తెలిసిపోతుంది.

ఇట్లు,
పని మానుకున్న ఒక కంసాలి,
నర్సీపట్నం, అనకాపల్లి జిల్లా.